పూత మీద అమ్మిన నవల

నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటను పూత మీద అమ్మినవాళ్లు బోలెడుమంది. నవలను పూత మీద అమ్మిన మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. కొట్టుతోపాటు మాకు చిన్న తోట కూడా ఉంది. ఏటా పూతలోనే వ్యాపారికి ఇచ్చేస్తాం. ఆ తర్వాత గాలివానకు పిందె రాలినా, ధర పడిపోయినా నష్టం అతనిది. కాయ కూడా అతనిదే. ఆవకాయకు నాలుగు కాయలు కావాలంటే అమ్మ సొంత తోట గట్టు మీదే నిలబడి కాపలా మనిషిని అడిగేది.

నా నవల ఆ అమ్మ గురించే. అరువు కోసం వచ్చినవాణ్ణి కడుపుబ్బ నవ్వించి, ఖాళీ చేతులతో పంపే మనిషి ఆవిడ. సగం రాశానో లేదో, వెబ్ సిరీస్ తీస్తానంటూ హైదరాబాద్ నుంచి ఒక నిర్మాత వచ్చాడు. నవల పూర్తయ్యాక మాట్లాడుకుందాం, అప్పుడైతే మీకే ఎక్కువ ముడుతుందన్నాడు పాపం. నేను వింటానా? అది పూర్తయ్యేదెప్పుడు, చదివేదెవరు? మొత్తం ఇప్పుడే తీసుకోమని పట్టుబట్టాను. సంతకం పెట్టి, గాలివాన అతని నెత్తిన పెట్టానని మురిసిపోయాను.

సిరీస్ వచ్చింది. బేరాల్లేని ఓ మధ్యాహ్నం కొట్లోనే అమ్మకు ఫోన్లో పెట్టి చూపించాను. తెర మీద అమ్మ ఏడుస్తూనే ఉంది.

"ఎవర్రా ఈవిడ? గల్లా ముందు కూర్చుని ఇలా ఏడిస్తే సరుకెవడు కొంటాడు?" అంది మా అమ్మ. చివరిదాకా చూడలేదు. ఫోన్ నా చేతిలో పెట్టేసి, "నువ్వు రాసింది అచ్చేయించు. అందులో నవ్వుతానుగా" అంది.

నిర్మాతకు ఫోన్ చేశాను. మిగతా సగం రాసి పుస్తకం వేసుకుంటాను, కావాలంటే తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తానన్నాను. అతను మర్యాదగానే మాట్లాడాడు.

"పుస్తకంతో సహా మాదేనండి. రెండో భాగం కూడా తీస్తున్నాం. నేను ఆగుదామనే అన్నాను, మీరే కదండీ వినలేదు?"

అమ్మకు విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. "అడిగి చూశావుగా" అంది, అంతే. మళ్లీ పుస్తకం మాట ఎత్తలేదు.

ఇక బిల్లు. వచ్చింది, ఆ డబ్బుతో కొట్టు ముందు పెట్టిన కూల్‌డ్రింకుల ఫ్రిజ్. బాగానే పనిచేస్తోంది. పోయింది, అమ్మ నవ్వు. నన్నెవరూ మోసం చెయ్యలేదు. అతను అడిగింది సిరీస్ వరకే. పుస్తకం హక్కులు, బేరం తెగడం కోసం, కొసరుగా నేనే వేశాను.