పాత సర్వరును ఆన్ చేసింది ఆయన కాదు

కడప బ్రాంచి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఆఫీసులో టీ తాగుతున్నాను. "మేడమ్, మీ సారు పోయినాడు. పొద్దున ఆస్పత్రిలోనే" అన్నాడు అక్కడి గుమాస్తా. మూడేళ్లుగా ఆయన వాళ్ల బ్రాంచిలోనే పనిచేశారు. అయినా వాళ్లకు ఆయన 'మీ సారు'. నేను సరే అన్నాను. టీ చల్లారేదాకా ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఆయన మా సిస్టమ్స్ సారు. కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో మా విత్తనాల కంపెనీ హెడ్డాఫీసు ఉంది. అందులో సర్వర్ రూము ఆయన చేతుల మీదే తయారైంది. నందికొట్కూరు దగ్గర ఒక పల్లెలో కూలినాలి చేసుకునే ఇంట్లో పుట్టి, చర్చి వాళ్ల హాస్టల్లో ఉండి చదువుకున్నారు. ఆ ఊళ్లో కంప్యూటరు ముట్టుకున్న మొదటి మనిషి తనేనని చెప్పేటప్పుడు మాత్రం కొంచెం గర్వపడేవారు. మిగతా విషయాల్లో గర్వం ఎరగరు.

సర్వర్ రూములోకి ఎవరు వచ్చినా చెప్పులు బయట విడవాల్సిందే. ఎండీ గారు ఒకసారి బూట్లతో రాబోతే, "సార్, దుమ్ము" అని ఒక్క మాటన్నారు. ఎండీ గారు మారుమాట్లాడకుండా బూట్లు విప్పారు. కర్నూలు దుమ్ము సంగతి తెలిసిన వాళ్లం కదా, ఎవరికీ తప్పనిపించలేదు. పొద్దున్నే ఏడు సర్వర్ల వెనకా అరచెయ్యి పెట్టి వేడి చూసేవారు. చిన్న పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపేవారు. మధ్యాహ్నం జొన్నరొట్టె, బుడ్డల ఊరిమిండి, అదే వేరుశనగల పచ్చడి, తెచ్చుకుని నా బాక్సు మూత మీద సగం పెట్టేవారు. వద్దంటే వినేవారు కాదు. "తిను పాపా, ఆ ఉప్మా ఏం తిండి?" అనేవారు.

నేను చేరిన కొత్తలో లెక్కల సెక్షన్లో ఫైళ్లు పోయాయని ఒక కుర్రక్లర్కును అందరూ చుట్టుముట్టారు. వాడు ఏడుపు మొహం పెట్టాడు. సారు వాడి వైపు కూడా చూడకుండా సర్వరు లాగ్ తెరిచారు. ఏ గంటకు ఏం జరిగిందో మిషను తనంతట తాను రాసుకునే చిట్టా అది. డిస్కు పాడైందని అందులో ఉంది. నన్ను పక్కకు పిలిచి, "ముందు లాగ్ చూడు పాపా, తర్వాత మనిషిని చూడు. మనిషిని ముందు చూస్తే మన మనసులో ఉండేదే కనపడతాది" అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

నాలుగేళ్ల తర్వాత నేను హైదరాబాదులో వారం రోజులు ట్రైనింగుకు పోయి వచ్చాను. వచ్చాక నా కాళ్లు నేల మీద ఆనలేదు. ఏడు పనులకు ఏడు సర్వర్లు ఎందుకు, రెండు పెద్ద మిషన్లు కొని వాటిలోనే ఏడింటినీ వర్చువల్‌గా నడపొచ్చు, ఒకటి పడిపోతే ఇంకొకటి మొత్తం మోస్తుంది అని మీటింగులో బొమ్మలు గీసి చూపించాను. ఐటీ మేనేజరు తలూపాడు. సారు అంతా విని, "ఏడు కాపురాలు రెండిండ్లలో పెడతానంటావు. కొళాయి కాడ కొట్లాట రాదా మ్మా?" అన్నారు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "సార్, కాలం మారింది. మీరు చెయ్యి పెట్టి వేడి చూసే రోజులు పోయాయి" అన్నాను. అందరి ముందూ అన్నాను. ఆయన తన అరచేతిని ఒకసారి చూసుకుని టేబులు కింద పెట్టుకున్నారు.

తర్వాత రెండు నెలలు ఆ గదిలో మా ఇద్దరికీ పడలేదు. నేను ఒక్కో సర్వరునూ కొత్త మిషన్లలోకి మారుస్తూ పోయాను, ఆయన నా వెనకే నిలబడి ప్రశ్నలు వేస్తూ పోయారు. ఒక్కటే మాట ఒప్పుకోవాలి. కొళాయి కాడ కొట్లాట నిజంగానే వచ్చింది. హాజరు లెక్కల బ్యాకప్ నడిచినప్పుడల్లా స్టాకు ప్రోగ్రాము నత్తలా కదిలేది. ఆయన పక్కన కూర్చుని దేనికి ఎంత వాటా ఇవ్వాలో కాగితం మీద రాసిచ్చారు. దాన్ని అట్లాగే పెట్టాను, సరిపోయింది. థాంక్స్ కూడా చెప్పలేదు.

చివరిది స్టాకు సర్వరు. అన్ని బ్రాంచీలూ దానిమీదే బతుకుతాయి. దాన్ని మార్చి పాత మిషన్ను ఆపేశాను. "వారం దాకా దాన్ని కదిలించొద్దప్పా, అట్లే ఉండనీయండి" అని సారు మేనేజరుతో గట్టిగానే అన్నారు. అట్లే ఉంచాలంటే దాని నెట్‌వర్కు వైరు పీకెయ్యాలి. ఆ మిషన్లు కరెంటు పోయి వస్తే తమంతట తామే ఆన్ అయ్యేలా పెట్టినవి; వైరు లేకపోతే ఆన్ అయినా బ్రాంచీలకు అందవు. వైరు పీకడం నా పని. చేయాల్సిన పనుల కాగితంలో దాని ఎదురుగా టిక్కు పెట్టాను. వైరు మాత్రం పీకలేదు. టిక్కులన్నీ ఒకే ఊపులో పెట్టుకుంటూ పోయాను, అంతే.

మూడో రోజు పొద్దున పదింటికి కరెంటు పోయి పావుగంటలో వచ్చింది. యూపీఎస్సును కొత్త మిషన్లకు ఇచ్చేశాం కాబట్టి పాతది కరెంటుతోపాటు లేచి కూర్చుంది. కొత్తదానికి ఇచ్చిన పేరే దీనికీ, అదే అడ్రసు. సగం బ్రాంచీల ఎంట్రీలు కొత్తదాంట్లోకీ, సగం పాతదాంట్లోకీ పోయాయి. అసలే విత్తనాల సీజను. లేని మూటలు ఉన్నట్టు కనిపించి, రాజంపేటకు పోవాల్సిన లారీ నందికొట్కూరు పోయింది. రైతులు గోడౌన్ల ముందు సాయంత్రం దాకా ఎండలో నిలబడ్డారు. ఎంట్రీలు సరిచేయడానికి మాకు నాలుగు రోజులు పట్టింది.

మేనేజరు సారునూ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుని సారును అడిగాడు.

"పొద్దున రూములోకి పోయినారా సార్?"

"పోయినా. దుమ్ము దులిపినా."

"పాతదాన్ని ఆన్ చేసినారా?"

"లేదప్పా."

మేనేజరు నా వైపు తిరిగాడు. "లాగ్‌లో ఏముంది మ్మా?"

లాగ్ నేను అప్పటికే చూశాను. కరెంటు వచ్చిన నిమిషానికే మిషను లేచినట్టు తేటగా ఉంది. "సరిగ్గా తెలియడం లేదు సార్" అన్నాను.

సారు నా వైపు చూశారు. తిడతారనుకున్నాను, లేదా తనే లేచి లాగ్ తెరుస్తారనుకున్నాను. ఆయనకు అది రెండు నిమిషాల పని. రెండూ చేయలేదు. పాత సర్వరు మీద మమకారంతో ఆయనే ఆన్ చేశాడని ఆఫీసంతా అనుకుంది. నెల తిరక్కుండా కడప బ్రాంచికి బదిలీ చేశారు. నాకు ఇంక్రిమెంటు రాలేదు కానీ పేరు వచ్చింది. ఆ పేరుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

కడపలో ఆయన ఒంటి గది తీసుకుని ఉండేవారు. శనివారం బస్సుకు కల్లూరు వచ్చి సోమవారం తెల్లారి పోయేవారు. అప్పుడప్పుడు ఆఫీసు నంబరు నుంచి నాకు ఫోను చేసేవారు. నేను ఎత్తేదాన్ని కాదు. ప్రింటరు గొడవో, పాస్‌వర్డు గొడవో ఏదైనా ఇక్కడినుంచే సరిచేసి, 'అయింది సార్' అని మెసేజి పెట్టేదాన్ని. మెసేజిలో అయితే గొంతు వినిపించదు. మేనేజరు పై అంతస్తుకు మారిపోయాక సర్వర్ రూము పక్క గదిలో నేనొక్కదాన్నే మిగిలాను. మధ్యాహ్నం బాక్సు తెరిస్తే ఏసీ చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఒక్కదాన్నే తిని మూత పెడతాను.

సమాధి కార్యక్రమానికి నందికొట్కూరు దగ్గర ఆయన ఊరు పోయాను. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే చివర నిలబడ్డాను. అయ్యాక ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "నీ గురించి శానా చెప్తాండె మ్మా. ఆ మిషను ఆన్ చేసి ఉద్యోగం పాడు చేసుకుంటివని నేనే ఆయన్ను తిడ్తాంటి. ఎందుకు చేసినావంటే నగుతాండె గానీ చెప్పలే. నీకన్నా చెప్పినాడా?" అంది. చుట్టూ జనం. నేను తల అడ్డంగా ఊపాను. నేను నిజం దాచడం అది రెండోసారి.

ఆ ఆదివారం ఒక్కదాన్నే కల్లూరులో వాళ్ల ఇంటికి పోయి చెప్పాను. ఆయన చేయలేదమ్మా, వైరు పీకనిది నేను, తెలిసీ చెప్పనిది నేను అని. ఆమె అరుస్తుందని సిద్ధపడి పోయాను. ఆమె కొంగు అంచు మడతపెడుతూ, "ఆయనకు తెలుసా?" అని మాత్రం అడిగింది. నాకు తెలియదన్నాను. అది నిజం. ఆయన లాగ్ చూశారో లేదో, చూసి నన్నేమనుకున్నారో మూడేళ్లలో నేను అడగలేదు.

సోమవారం మేనేజరుకు చెప్పాను. "ఇప్పుడెందుకు మ్మా అదంతా? నేనెప్పుడో మర్చిపోయినా. మనిషే లేడు గదా" అన్నాడు. మేనేజరు మరిచిపోవచ్చు. కడపలో ఆ ఒంటి గదికి మరుపు ఎట్లా వస్తుంది?

నా గదికి వచ్చి అన్ని బ్రాంచీలకూ ఒక మెయిలు రాశాను. ఆ రోజు పాత సర్వరును ఆన్ చేసింది ఆయన కాదనీ, తప్పు నాదనీ, కరెంటు వచ్చిన వేళా, మిషను లేచిన వేళా చూపే లాగ్‌లోని రెండు వరుసలూ కింద పెట్టి పంపించాను. రాజంపేట నుంచి రాలేదు, నందికొట్కూరు నుంచి రాలేదు, ఎవరి నుంచీ జవాబు రాలేదు.

ఒక్కటి మాత్రం పంపిన క్షణంలోనే వచ్చింది. ఆయన మెయిలు ఖాతా ఇంకా మూయలేదు, మూయాల్సింది నేనే. ఆస్పత్రికి పోతూ పెట్టుకున్న సెలవు జవాబు అది, ఎవరు రాసినా దానంతటదే తిరిగి వచ్చేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

'నేను సెలవులో ఉండా. ఏమన్నా పని పడితే కర్నూలులో మా పాపకు ఫోన్ చేయండి. ఎత్తకపోతే తప్పుగా అనుకోవద్దండి, పనిలో ఉంటాది. ఇంకోసారి చేయండి. ఎత్తుతాది.'

కింద నా నంబరు. ఎవరూ పొరపాటు పడకూడదని, అంకెకూ అంకెకూ మధ్య జాగా వదిలి.