రాయమల్లు మడి, నా కడుపుమంట

రాయమల్లు గురించి నాలుగు ముక్కలు రాయమని మా ఊరి బడి పిల్లలు అడిగినప్పుడు ముందు నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళు ఆ బడిలో సైన్సు చెప్పినవాణ్ణి నేను. ఈ లింగమూర్తి సారు గురించి రాయమని ఎవరూ ఎవరినీ అడగలేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే అతన్ని నా అంత శ్రద్ధగా చూసినవాళ్ళు మా ఊళ్ళో లేరు. గిట్టనివాణ్ణి చూసినంత బాగా మనం ఎవర్నీ చూడం.

మా ఊరు సుల్తానాబాద్‌కు నాలుగు మైళ్ళు. కాలువ కింద నాకు రెండెకరాల వరి పొలం. దాన్ని ఆనుకొని, పల్లంలో, రాయమల్లుది ఎకరంన్నర. నీళ్ళు ముందు నా మడులు తడిపి, ఒడ్డుకు గండిలా తీసిన మడవ గుండా అతని మడుల్లోకి దిగేవి. నాకు నెల తిరిగేసరికి జీతం వచ్చేది. అతనికీ అతని భార్య దేవవ్వకూ ఏడాది పొడుగునా తిండి ఆ ఎకరంన్నరే. ఒక్క పంట పోతే ఊరు విడవాల్సిందే.

అతని సేద్యం చూస్తే నాకు చిరాకు. రోజూ పొద్దున్నే పిక్కల్లోతు నీళ్ళలో దిగి, వరి దుబ్బును అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, నీళ్ళ మీద ఏం రాలిందో వంగి చూసేవాడు. పైరును పీల్చే దోమలు ఎన్ని, వాటిని తినే సాలెపురుగులు ఎన్ని అని వేళ్ళు ముడుచుకునేవాడు. తినేవి సరిపడా ఉంటే ఇంటికి పోయేవాడు. మందు మాత్రం కొట్టడు. కోత అయ్యాక కొయ్యకాళ్ళూ గడ్డీ మడిలోనే మురగనిస్తాడు. అందులో సన్నటి ఈగలు పుడతాయట. పైరుకు దోమ పట్టకముందు సాలెపురుగులు వాటిని తిని బతుకుతాయట. దోమ వచ్చేనాటికి కాపలా సిద్ధంగా ఉంటుందట. బడి మెట్టెక్కని మనిషి ఇదంతా బీడీ కాలుస్తూ చెబుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకొని వినేవాళ్ళు. అదే సంగతి నేను జీవావరణ వ్యవస్థ అనే పాఠంగా చెబితే వెనక బెంచీలు నిద్రపోయేవి.

ఒకసారి ఆహారపు గొలుసు బోర్డు మీద గీశాను. వరి, మిడత, కప్ప, పాము, గద్ద. ఒక అమ్మాయి లేచి సాలెపురుగును ఎక్కడ పెట్టాలని అడిగింది. పుస్తకంలో లేదన్నాను. రాయమల్లు తాత మడిలో ఉంది కదా అంది. పైగా అది గొలుసులా ఉండదట, వలలా ఉంటుందట, ఒక ముడి ఊడితే పక్కవన్నీ వదులవుతాయట. క్లాసు నవ్వినా బాగుండేది. అందరూ తలలూపారు.

ఆ ఏడే, అంటే 1984లో, బడికి తనిఖీ అధికారి వచ్చాడు. పర్యావరణం గురించి అడిగితే పిల్లలు పోటీలు పడి చెప్పారు. నా ఛాతీ ఉబ్బుతుండగా, ఇదంతా ఎవరు నేర్పారని అడిగాడు. ఒక్కరూ నా వైపు చూడలేదు, రాయమల్లు తాత అన్నారు. అధికారి ప్యాంటు మడుచుకొని నా ఒడ్ల మీదుగానే నడిచి వెళ్ళి రాయమల్లుకు చెయ్యి చాచాడు. బురద చేతిని అతను వెనక్కి తీసుకుంటుంటే పట్టుకొని మరీ కలిపాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

భాద్రపదంలో నా మడుల్లో దోమ కనబడింది. పంపు వీపున తగిలించుకొని మందు కొట్టాను. మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. పై మడికి మందు కొట్టినవాడు మడవను మట్టితో మూసి, దాని మీద వేపకొమ్మ గుచ్చుతాడు. అయిదు రోజులు ఆ నీరు కిందికి వదలడు. కొమ్మ చూసి కిందివాడు నీళ్ళు అడగడు. అన్నదమ్ములు కోర్టుకెక్కి కొట్టుకున్న రోజుల్లో కూడా ఈ కట్టుబాటు ఎవరూ తప్పలేదు.

నేను తప్పాను. కొమ్మ గుచ్చలేదు. అటూ ఇటూ చూసి, మూసి ఉన్న మడవను పారతో తెరిచాను. పొరపాటు కాదు, మరుపూ కాదు. అతని మడి కూడా నా మడిలాగే అయితే చూడాలనిపించింది. మందు నీళ్ళు కిందికి దిగుతుంటే నా కడుపు చల్లబడింది.

తెల్లారి అతని మడిలో కప్పలు వెల్లకిలా తేలాయి. సాలెపురుగులు కాళ్ళు ముడుచుకొని నీళ్ళ మీద తట్టెడున్నాయి. బతుకుతాయేమోనని రాయమల్లు వాటిని దోసిట్లో పట్టి ఒడ్డు మీద పెడుతున్నాడు. నన్ను చూసి, మడవ తెగిందా అని అడిగాడు. తెగినట్టుందన్నాను. అతను మడవ దగ్గరికి పోయి చూసి, మట్టి వేసి మూసేశాడు.

మందుకు పెద్ద దోమలు చచ్చాయి. వరి కాడ లోపల అవి పెట్టిన గుడ్లకు మందు తగలదు. గుడ్లు పగిలేసరికి వాటిని తినేవి మిగల్లేదు. ముందు నా పొలం సుడులు సుడులుగా ఎండింది. పది రోజులకు అతనిదీ ఎండింది. రెండు పొలాలూ ఒకటే రంగు. నేను కోరుకున్నది అదే.

దీపావళి తర్వాత రాయమల్లు, దేవవ్వ నస్పూర్ పోయారు, బొగ్గుబాయి క్వార్టర్ల కట్టుబడి దగ్గర ఇటుకలు మోయడానికి. అప్పటికే ఇద్దరూ అరవైకి దగ్గరపడ్డ మనుషులు. పోయేముందు అతను మా ఇంటికి వచ్చి ఒక పని అప్పజెప్పాడు.

"సచ్చిన మడిల ఎవలెనుక ఎవలొస్తరో జర రాసిపెట్టుండ్రి సారూ. నాకు సూసుడే వస్తది, రాసుడు రాదు."

రాశాను. కాలువ ఊటకు నిలిచిన నీళ్ళలో ముందు మనల్ని కుట్టే దోమల పిల్లలు పుట్టాయి, తినేవి లేక మడంతా అవే. వాటి కోసం తూనీగలు వచ్చాయి. దారం పట్టుకొని గాలికి ఎగిరొచ్చిన సాలెపురుగులు గడ్డిపోచల మీద దిగాయి. తొలకరికి నెర్రెల్లోంచి కప్పలు బయటపడ్డాయి, వాటి వెనక కొంగలు. ఇన్నేళ్ళుగా చెప్పిన పాఠాన్ని మొదటిసారి కళ్ళతో చూశాను. అయినా ఆ సంతోషం కన్నా, ఈసారి అతను నన్ను మెచ్చుకోక తప్పదన్న ఆశే ఎక్కువ.

మృగశిర కార్తె చివర్లో తిరిగొచ్చాడు. ఇటుకల మోతకు ఒక భుజం కిందికి జారింది. ఒడ్డు మీద కూర్చొని నోటుబుక్కు మొత్తం చదివించుకున్నాడు.

"అన్ని మంచిగ రాసిండ్రు సారూ. మొదలు రాయలే."

మొదలేమిటని అడిగాను.

"మడవ తెగలే. తెగితె మట్టి నా మడిలకు కొట్టుకొచ్చేది. గా దినం పెళ్ళలు మీ ఒడ్డు మీద పేర్చినట్టున్నయి, పార అచ్చులతోని."

కోపంగా అనలేదు. కప్ప ఎక్కడ దాక్కుంటుందో పిల్లలకు చెప్పే గొంతుతోనే అన్నాడు. అన్నీ తెలిసే తన మడిని నా చేతికి అప్పజెప్పి పోయాడన్నమాట. తర్వాత లేచి నాగలి కట్టుకున్నాడు. ఇంకో ఆరేళ్ళు ఆ మడి దున్ని 1991లో పోయాడు. నేను మడవ తెరిచిన సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

నిజం చెప్పాలంటే, ఆ ఒడ్డు మీద నాకు ముందు సిగ్గు వేయలేదు. మట్టిపెళ్ళను చూసి మనిషిని పట్టేశాడే, ఇది నాకు జన్మలో చేతకాదే అని అసూయ కలిగింది. సిగ్గు తర్వాత వచ్చింది. అసూయ అతనితోనే పోయింది గానీ, సిగ్గు ఇంకా పోలేదు.