అత్త చెప్పిన భయం సినిమాలు

మా అత్త పోయింది. కొట్టులో పెసలు కొలుస్తూ "కూసిన్ని మంచినీళ్ళియ్యే" అంది. నేను గ్లాసుతో వచ్చేసరికి కుర్చీలో వెనక్కి వాలిపోయి ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళినా చేసేదేమీ లేదన్నారు. విజయనగరంలో మా వీధికంతా ఆ సాయంత్రమే తెలిసిపోయింది గానీ, తెలియనివాళ్ళు ఇప్పటికీ కొట్టు ముందుకొచ్చి "మీ అత్తేదీ?" అంటున్నారు. ప్రతిసారీ నేనే చెప్పాల్సి వస్తోంది. ఈ నాలుగు ముక్కలూ రాయడం అందుకు కూడా.

నవ్వకండి గానీ, మా కిరాణా కొట్టుకి సగం మంది వచ్చేది పప్పుల కోసం కాదు, అత్త చెప్పే భయం సినిమాల కోసం. "అత్తా, ఆదివారం ఇంట్లో సూడ్డానికి ఏదైనా సెప్పు" అనేవారు. ఆవిడ తూకం ఆపి, "ఇంట్లో ఎవులున్నారు?" అని అడిగేది. అది తేలకుండా సినిమా పేరు బయటికొచ్చేది కాదు. కోడలు కడుపుతో ఉందంటే, "ఐతే దెయ్యాలొద్దు. గ్రహాలోళ్ళది ఎట్టుకోండి. ఆళ్ళు అంత దూరం నుంచి మన ఊరు రారు" అనేది. కొత్తగా పెళ్ళైన జంటైతే "ఏదైనా పర్నేదు, ఎలాగూ సూడరు" అనేసి, ఆ పిల్ల సిగ్గుతో చస్తుంటే తను మాత్రం బెల్లం పొట్లం కట్టుకుంటూ ఉండేది.

కథ చెప్పడం మొదలెడితే ఇక బేరం లేదు. "రాకెట్లో పదిమంది తొంగుంతారు. లేచీసరికి పదకొండుమంది. ఎక్కువోడు ఎవుడో ఎవుడికీ తెలీదు. ఓలమ్మో, నాను మూడ్రోజులు ఎవుల్నీ నమ్మలేదే!" అనేది కళ్ళు పెద్దవి చేసి. డబ్బింగ్ సినిమాల్లో తెలుగులో మాట్లాడే తెల్లవాళ్ళంటే ఆవిడకి మహా ముచ్చట.

ఈ పిచ్చి ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, అంటే మా ఆయన, గజపతినగరంలో సరుకు మాట్లాడుకుని బండి మీద వస్తూ లారీ కింద పడి చనిపోయాడు. మామయ్య అప్పటికే లేరు. ఇద్దరం ఆడవాళ్ళం మిగిలాం. నేను ఏడిస్తే ఆవిడ ఏమైపోతుందో అని నేను, తను ఏడిస్తే నేనేమైపోతానో అని ఆవిడ, ఇద్దరం ఏడవకుండా అన్నాలు వడ్డించుకునేవాళ్ళం. చివరికి మా అన్న పాతపట్నం నుంచి వచ్చి, ఇంటికి పోదాం, బట్టలు సర్దుకోమన్నాడు. సర్దుకున్నాను.

అత్త వెళ్ళమనలేదు, వద్దనలేదు. మధ్యాహ్నం కొట్టు మూసే వేళకి ఎక్కడికో వెళ్ళి ఒక సీడీ పట్టుకొచ్చింది. "ఏడుపు సినిమా కాదే గుంటా, భయం సినిమా. ఇది సూసీసి ఎల్లు" అంది. మా అన్న నోరెళ్ళబెట్టాడు. అందులో కథేమిటో నాకిప్పుడు గుర్తు లేదు. గోడలోంచి చెయ్యి రాగానే నేను కెవ్వుమన్నాను. పక్కన ఆవిడ అంతకంటే గట్టిగా అరిచింది. అరిచి అరిచి ఇద్దరికీ కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. ఆ నీళ్ళు దేనివని నేనడగలేదు, ఆవిడా అడగలేదు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపట్టింది.

మర్నాడు "ఇంకోటున్నాది, అదింకా బాగుంతాది. అది సూసి ఎల్లు" అంది. ఆ తర్వాత మరొకటి. అన్న విసుగొచ్చి బస్సెక్కేశాడు. సంచీలో చీరలు ఒక్కొక్కటే మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయాయి. సీడీలు పోయి పెన్‌డ్రైవులు వచ్చాయి, మా మధ్యాహ్నాలు మాత్రం మారలేదు. సాయంత్రాలు ఆవిడ పురాణానికని వెళ్ళేది. "ఈవేళేం చెప్పారత్తా?" అంటే, "ఏటుంతాది, రాచ్చసులు. సంపీసినారు" అనేది.

కర్మలన్నీ అయ్యాక ఎదురింటి పిన్ని వచ్చి నా పక్కన కూర్చుంది. చాలాసేపు కొంగుతో ముక్కు తుడుచుకుని, అప్పుడు చెప్పింది.

"మీ అత్త పురాణానికి ఎప్పుడెల్లిందే? మా ఇంట్లో కూకుని నీకంటే ముందు ఆ సినిమాలు సూసీది. లారీ ఉన్నాదా, బండి పడిపోద్దా అని సూసుకునీది. ఉంటే ఎనక్కిచ్చీసీది. మా పిల్ల ఇది సూసి తట్టుకోలేదు, అనీది."

ఇన్నేళ్ళలో మా టీవీలో ఒక్కసారి కూడా బండి పడలేదు. దెయ్యాల సినిమాల్లో రోడ్లుండవు కాబోలనుకున్నానే తప్ప, ఇంకో ఆలోచనే రాలేదు. కన్నతల్లి అయ్యుండి ఆ లారీలన్నిటినీ ఆవిడే చూసింది. చూసొచ్చి, మర్నాడు నా పక్కన ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదట్నించీ అరిచింది. అత్తా, నీకు ఎవరు ముందు చూసి పెట్టారు?

పిన్ని వెళ్తూ వెళ్తూ ఒక పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది. "ఇది సగమే సూసింది. ఆ మేడమీద గది తలుపుకాడ ఆపీసి, మిగతాది రేపు సూస్తానన్నాది. తరవాతేటున్నాదో నాకూ తెలీదు. నువ్వు సూడకే తల్లీ" అంది.

నిన్న మధ్యాహ్నం కొట్టు మూసి పెట్టాను. కొండ మీద పాత ఇల్లు, అందులో ఒంటరిగా ఒకమ్మాయి, పైన ఎవరో నడుస్తున్న చప్పుడు. తలుపు వరకూ అత్త చూసిందే కదా అని ధైర్యంగానే చూశాను. ఆ అమ్మాయి మెట్లెక్కి తలుపు మీద చెయ్యి వేసింది. రిమోట్ నా ఒళ్ళోనే ఉంది. ఆపలేదు.

తలుపు తెరుచుకుంది. లోపల దెయ్యమూ లేదు, ఎవరూ లేరు. ఒక మంచం, మడతపెట్టిన దుప్పటి, కిటికీలోంచి నేల మీద పడుతున్న ఎండ. "అత్తా!" అని అరిచాను. నాకే తెలియనంత గట్టిగా అరిచాను. తెర మీద ఆ గది చాలాసేపు అలా ఖాళీగానే ఉంది.