ఎంగిలి చేసిన పొగ

నేను నా చేత్తో రాసిన మొదటి మాట ‘విషం’. అప్పటికి నాకు యాభై దాటాయి.

గొర్రెలు అమ్మేసిన ఏడాది జమ్మలమడుగు పక్కన ఒక సున్నపు బట్టీ దగ్గర కాపలాకు కుదిరాను. బట్టీని ఆనుకొని ఉన్న రేకుల షెడ్డులో కోస్తా నుంచి వచ్చిన ఒక సారు ప్రయోగాలు చేసేవాడు. సున్నపురాయి కాలితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ పొగను పట్టి, హైడ్రోజన్‌తో కలిపి, రాగి బిళ్లలు నింపిన ఇనుప గొట్టంలోకి వేడిగా తోస్తే మిథనాల్ అనే ద్రవం అవుతుందట. రంగులకు, జిగురుకు, మందుల తయారీకి పనికొస్తుందట.

మధ్యలో రాగి ఏం చేస్తుందని అడిగాను. ఆ రెండింటినీ దగ్గరికి చేర్చి కలుపుతుంది, తాను మాత్రం మారకుండా బయటపడుతుంది అన్నాడు. నేను నమ్మలేదు. మా వైపు రెండు వర్గాల మధ్య రాజీకి పోయినవాడు చెక్కుచెదరకుండా ఇల్లు చేరడం నేనెన్నడూ చూడలేదు.

నెల రోజులు గొట్టం కాచితే ఒక సీసా నిండింది. నీళ్లలా తేటగా ఉంది, సారాయిలా వాసనేస్తోంది. తాగితే కళ్లు పోతాయి, ప్రాణమూ పోవచ్చని సారు చెప్పాడు. కాపలావాడికి ఆ ఒక్క మాటైనా రాయడం రావాలని పలక తెచ్చి దిద్దించాడు. వంకరటింకరగా కాగితం మీద రాసి నేనే సీసాకు అంటించాను.

అవి ఫ్యాక్షన్ రోజులు. మా ఊళ్లో టీ కొట్లు రెండు, మంగలి అంగళ్లు రెండు, పార్టీకొకటి. నాయకుడు బయట ఏం తాగాలన్నా ముందు ఆయన మనిషి ఒక గుక్క తాగి చూడాలి. మా నాయకుడికి ఆ పని చేసేవాడు నాకు వరసకు అల్లుడు. పెండ్లిలో పాయసమైనా, పంచాయితీలో మజ్జిగైనా ముందు వాడి గొంతులోనే దిగేది. ఒకసారి డాక్టరు నాయకుడికిచ్చిన కంటిచుక్కలు కూడా ముందు తన కంట్లోనే వేసుకున్నాడు.

ఎన్నికల ముందు ఆ నాయకుడు మూడు జీపుల్లో షెడ్డు చూడ్డానికి వచ్చాడు. సారేమో సిలిండర్ల కోసం ప్రొద్దుటూరు పోయి ఉన్నాడు. సీసాలో ఏముందని నాయకుడు అడిగాడు.

“విషం అన్నా.”

“ఎవురికి?”

“ఎవురికీ కాదు.”

“ఎవురికీ కాకుంటే ఎందుకు జేసినారప్పా?”

రంగులు, జిగురు అని నేను నసిగేలోపే అల్లుడు సీసా మూత తిప్పాడు. వాసన తగలగానే వాడి ముఖం విప్పారింది. కళ్లు పోతాయిరా అని చెయ్యి పట్టుకున్నాను. విషమైతే తాగి చూడటం తన పనేనట. విషం కాకుంటే అన్న ముందర నేను అబద్ధమాడినట్లట, అది తేల్చడానికీ తాగాల్సిందేనట. నాయకుడికి ఆ మాట న్యాయంగా తోచింది. జీపుల వాళ్లంతా తలలూపారు. సీసా వాడి పెదవి దాకా పోయింది.

“తాగు అబ్బీ,” అన్నాను. “పొద్దున ఆ పార్టీ వాళ్లొచ్చి తొలి గుక్క తాగిపోయినారులే. ఇది వాళ్ల ఎంగిలి.”

పొద్దుట్నుంచి అక్కడికి కాకి కూడా రాలేదు. కానీ వాడి చెయ్యి ఆగింది. విషానికి జంకని మనుషులు ఎంగిలికి జంకారు. సీసాను సున్నపు బూడిదలో బోర్లించి, తొలి గుక్క వాళ్లకు పోసినందుకు నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టి వెళ్లారు.

మరుసటి రోజు ఈ సంగతి విని రెండో పార్టీ వాళ్లు వచ్చి, తమలో తాగిందెవడో చెప్పమన్నారు. నేను నోరు తెరవకముందే వాళ్లలో ముగ్గురు అది తామేనని ఒప్పుకున్నారు.

సారు నెల కష్టం బూడిదలో కలిసింది. గొట్టం విప్పి, రాగి బిళ్లలు బాగానే ఉన్నాయని చూసుకొని, మళ్లీ బిగించాడు.

మొన్న పులివెందులలో కంటి శిబిరానికి పోతే వరుసలో నా ముందు అల్లుడు. జుట్టంతా నెరిసింది. గోడ మీది పటంలో అక్షరాలను అడుగు వరస దాకా తడుముకోకుండా చదివాడు. బయటికి వస్తూ నన్ను చూసి ఆగాడు.

“ఆ తొలి గుక్క వాళ్లకెందుకు పోస్తివి మామా?”

ఎవరూ తాగలేదని ఇప్పటికైనా చెబుదామనిపించింది. చెబితే ఇంకో సీసా యాడుందో చూపించమంటాడు. నా వంతు వచ్చిందని లోపలికి పోయాను.