విజేత పేరు వినిపించని ప్రసారం

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, దసరా వెళ్లిన తర్వాతి ఆదివారం సాయంత్రపు ప్రసారానికి నన్ను డ్యూటీ ఆఫీసరుగా వేశారు. నేను పనిచేసిన రేడియో కేంద్రం బరంపురంలో ఉంది. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. మా ప్రసారాల్లో ఎక్కువ భాగం ఒడియాలో, రోజూ కొంతసేపు తెలుగులో సాగేవి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను రెండు భాషల్లోనూ చదివేదాన్ని. మా నాన్నగారికి బడా బజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం ఉండేది. కొట్లో బేరాలు ఒడియాలో, ఇంట్లో మాటలు తెలుగులో. నా భాషా శిక్షణ అంతా అక్కడే అయింది.

డ్యూటీ ఆఫీసరు అంటే ఆ పూట శ్రోతకు చేరే ప్రతి మాటకూ జవాబు చెప్పవలసిన మనిషి. మాకు పైన కార్యక్రమ అధికారులు, వారికి పైన డైరెక్టరు ఉంటారు. అయినా ప్రసారం నడుస్తున్నంతసేపు ఏ మైకు తెరవాలి, ఏది మూయాలి అన్నది స్టూడియోలో కూర్చున్న డ్యూటీ ఆఫీసరే నిర్ణయించాలి. ఏ నిమిషంలో ఏం వెళ్లిందో లాగ్ పుస్తకంలో రాసి సంతకం పెట్టేదీ ఆ మనిషే. ఆ సంతకం బరువు మామూలు రోజుల్లో తెలియదు.

ఊళ్లోని ఒక సంగీత సంఘం ఏటా దక్షిణ ఒడిశాలో వెలువడిన ఆల్బంలలో ఒకదాన్ని ఎంపిక చేసి 'ఈ ఏటి ఆల్బం' పురస్కారం ఇచ్చేది. ఆ సభను మేము ప్రత్యక్షంగా ప్రసారం చేసేవాళ్లం. శ్రోతకు అది రెండు గంటల పాటలూ చప్పట్లూ. మాకు మాత్రం వారం రోజుల పని. తుది జాబితాలో ఐదు ఆల్బంలు ఉండేవి. విజేత పేరు సీలు వేసిన కవరులో ఉంటుంది, మాకు కూడా ముందుగా చెప్పరు. అందుకని ఐదింటి నుంచీ ఒక్కో పాట తీసి, కంప్యూటర్లో వరుసగా సిద్ధం చేసి ఉంచుకుంటాం. వేదిక మీద పేరు చదవగానే ఆ పాట మొదలవ్వాలి. మధ్యలో మూడు సెకన్లు నిశ్శబ్దం వచ్చినా మర్నాడు మీటింగులో దాని మీద ప్రశ్న వస్తుంది.

ఆ ఏడాది జాబితాలో ఉన్నవాటిలో రెండు ఆల్బంల గురించి ఊళ్లో ఎక్కువగా మాట్లాడుకున్నారు. ఒకటి పట్నాయక్ మాస్టారి వయొలిన్. ఆయన నలభై ఏళ్లుగా పిల్లలకు సంగీతం చెబుతున్న మనిషి. తన పేరుతో వచ్చిన మొదటి ఆల్బం అది. రెండోది పొడంపేట మత్స్యకార స్త్రీలు పాడిన పాటలు. రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఉన్న చిన్న ఊరు పొడంపేట. అక్కడి ఆడవాళ్లు చేపలు ఏరుతూ పాడుకునే పాటలను ఊళ్లోనే ఉన్న ఒక టీచరమ్మ పట్టుదలగా రికార్డు చేయించారు. ముందుండి పాడిన ఎర్రమ్మ అనే ఆవిడకు అరవై దాటి ఉంటాయి. ఆమె సభకు వచ్చింది. బరంపురంలో సభాభవనంలోకి అడుగుపెట్టడం ఆమెకు అదే మొదలు.

సభాభవనం నుంచి వ్యాఖ్యానం చెప్పడానికి మా సూర్యనారాయణను పంపాం. అతను నాకంటే పదిహేనేళ్లు చిన్న, మాటలో చురుకు. అతని బల్ల వేదికకు పక్కగా, కళాకారులు కూర్చున్న వరుసకు ఆనుకుని ఉంది. చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోనులో అతనికి మా ప్రసారమూ నా మాటా రెండూ వినిపిస్తాయి. డైరెక్టరు గారు ముందు వరుసలో అతిథులతో కూర్చున్నారు.

ఐదు గంటల ప్రాంతంలో సూర్యనారాయణ ఎర్రమ్మను నాలుగు మాటలు మాట్లాడించాడు. ఊళ్లో వాళ్లంతా వింటున్నారా అని అడిగాడు.

"ఇంటన్నారు బాబూ. ఒడ్డు మీద మైకు కట్టీసి మరీ ఇంటన్నారు. పేరు సెప్పీగానే తెప్పలు దించీసి ఏటకి ఎలిపోతారు. దానికోసమే ఆగున్నారు" అంది ఆవిడ.

సభలో నవ్వులు వినిపించాయి. నేనూ నవ్వాను. తెప్ప అని వాళ్లు అనేది ఇప్పుడు మోటారు బిగించిన ఫైబరు పడవనే. సాయంత్రం దించితే వల వేసి తెల్లారి వస్తారు.

ఐదుంపావుకు వాతావరణ కేంద్రం నుంచి ఈమెయిలు వచ్చింది. మధ్యాహ్నం బులెటిన్‌లో చెప్పుకోదగ్గది ఏమీ లేదు, సముద్రం మామూలుగానే ఉంటుందని చదివాం. ఇప్పుడు వచ్చినది వేరే రకం. కొండల వైపు నుంచి ఉరుముల మేఘాలు బారుగా తీరం వైపు కదులుతున్నాయని, రెండు గంటల్లోపే గంజాం తీరంలో బలమైన ఈదురుగాలి రావచ్చని, సముద్రంలోకి వెళ్లవద్దని దాని సారాంశం.

ఇలాంటి సందేశం వస్తే మొదట చెయ్యవలసిన పని దాన్ని నిర్ధారించుకోవడం. సందేశం మీద ఉన్న సంఖ్య చూసి, మా దగ్గర ఉన్న నంబరుకు మేమే తిరిగి ఫోను చేసి అడగాలి. రెండుసార్లు లైను దొరకలేదు. మూడోసారి ఎత్తినాయన సంఖ్య సరిపోల్చి, నిజమేనని, గాలి అనుకున్నదానికంటే ముందే రావచ్చని అన్నాడు. వెంటనే చదవాలా అని అడిగాను. ఎప్పుడు చదవాలన్నది మీ ఇష్టం, మా పని పంపడం వరకే అన్నాడు. అప్పటికి ఐదు గంటల ముప్పై రెండు నిమిషాలు.

మా మామూలు వాతావరణ బులెటిన్ ఆరు గంటలకు. క్యూ షీటు ప్రకారం, అంటే నిమిషాల వారీగా రాసుకున్న కార్యక్రమ పట్టిక ప్రకారం, పురస్కార ప్రకటన ఐదూ నలభైకి. కార్యక్రమాన్ని ఆపి చదవాలంటే డైరెక్టరు గారికి చెప్పడం పద్ధతి. ఫోను చేశాను. ఆయన గొంతు తగ్గించి, ఒడియాలో, పది నిమిషాలే కదా, పేరు ప్రకటించగానే చదివేయండి అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. మామూలుగా అయితే నేనూ అదే అనేదాన్ని. ఆయన ఎర్రమ్మ మాట విన్నారో లేదో నాకు తెలియదు. దాన్ని ఫోనులో వివరించబోయేసరికి వేదిక మీద ఎవరో ఆయన్ని పిలిచారు, లైను తెగిపోయింది.

నా లెక్క ఒకటే. పేరు చెప్పాక హెచ్చరిక చదివితే, ఆ ఒడ్డు మీద రేడియో దగ్గర ఎవరూ ఉండరు. గెలిస్తే కేకలతో, ఓడితే విసుగుతో తెప్పలు నీళ్లలోకి వెళతాయి. చదవవలసింది వాళ్లు పేరు కోసం చెవులు ఒగ్గి ఉన్నప్పుడే. మళ్లీ ఫోను చేశాను. ఎత్తలేదు.

సంఘం అధ్యక్షుడు కవరు చేతిలోకి తీసుకున్నాడని సూర్యనారాయణ చెబుతుండగా సభాభవనం ఫేడరును కిందికి దించాను. ఫేడరు అంటే ఒక్కో చోటి నుంచి వచ్చే ధ్వనిని పెంచే, తగ్గించే మీట. నా మైకు తెరిచి మొదట ఒడియాలో, తర్వాత తెలుగులో చదివాను. తెలుగు పాఠం ఇలా ఉంది: "వాయవ్య దిశ నుంచి కదులుతున్న ఉరుముల మేఘాల ప్రభావం వల్ల రానున్న రెండు గంటల్లో గంజాం తీరం వెంబడి బలమైన ఈదురుగాలులు వీచే అవకాశం ఉన్నందున మత్స్యకారులు సముద్రంలోకి వెళ్లరాదని సూచించడమైనది." ఇన్నేళ్లూ అన్ని హెచ్చరికలూ ఈ తీరులోనే చదివాను. ఉచ్చారణలో తడబాటు లేకుండా చదివానని కూడా అనుకున్నాను. మళ్లీ ఒకసారి చదవడానికి కాగితం పైకి తీశాను.

అప్పుడు సూర్యనారాయణ నాతో మాట్లాడే లైనులో, ప్రసారంలోకి వెళ్లకుండా, గబగబా అన్నాడు.

"మేడమ్, ఎర్రమ్మ గారికి ఊరినుంచి ఫోనొచ్చింది. ఆవిడ తమ్ముడంట. రేడియోవాళ్లు మధ్యలో ఏటో సదివీసి పేరు మింగీశారు, ఇంక మేం దించీస్తన్నాం అంటన్నాడంట. ఫోను కట్టయిపోయింది, మళ్లీ తగలట్లేదు. ఆవిడ మైకు అడుగుతున్నారు. ఏటి సెయ్యమంటారు?"

నేను చదివింది వాళ్లు విన్నారు. విని, తమకు చెప్పారని అనుకోలేదు. ఏదో సదివీశారు, అంతే.

అనుమతి లేని మనిషికి మైకు ఇవ్వకూడదు. ప్రసారంలో సొంత కబుర్లు, పేరు పెట్టి పిలవడాలు కూడదు. కొత్తగా చేరినవాళ్లకు శిక్షణలో నేనే ఈ నియమం చెప్పేదాన్ని. పైగా హాలు ఫేడరు తెరిస్తే వేదిక మీద మాటలు వెనక నుంచి కలగాపులగంగా వస్తాయి. ఆవిడ ఏం మాట్లాడుతుందో, ఎంతసేపు మాట్లాడుతుందో నాకు తెలియదు. 

"ఇవ్వండి. మనకొచ్చే వేదిక మైకు మూసేసి, మీ మైకు ఒక్కటే ఉంచండి" అని ఫేడరు ఎత్తాను.

"ఒరే దానయ్యా, నాను మీ అప్పని మాటాడతన్నాను" అంది ఎర్రమ్మ. అప్ప అంటే వాళ్ల మాటలో అక్క. గొంతు పెద్దదే, వణుకు లేదు. "తెప్ప దించకండి. పెద్ద గాలొస్తందంట. దించీసినోళ్లుంటే ఎనక్కి లాగీయండి. అటు పక్కోళ్లకి కూడా కేకెట్టి సెప్పండి. పేరు గీరు తరవాత సూసుకుందుం. తెప్పలు పైకి లాగండి ముందు. ఇంటన్నారా? ఒలే సిన్నమ్మీ, మీ ఆయన్ని దిగనీకు. నా మాట ఇనండి."

నలభై సెకన్లు. ఆవిడ మైకు తిరిగి ఇచ్చేసరికి సభలో చప్పట్లు అప్పుడే సద్దుమణుగుతున్నాయి. వేదిక మీద పేరు చదవడం అయిపోయింది. గెలిచింది పట్నాయక్ మాస్టారని సూర్యనారాయణ లైనులో చెప్పాడు. ఆ ప్రకటన మా శ్రోతల్లో ఒక్కరికీ వినిపించలేదు. నేను వెంటనే ఆయన వయొలిన్ పాట వేసి, దాని చివర ఆయన పేరు నా గొంతుతో చెప్పి, హెచ్చరికను మళ్లీ చదివాను. లాగ్ పుస్తకంలో జరిగింది జరిగినట్టు రాశాను.  

గాలి ఆరున్నరకే వచ్చింది. స్టూడియో కిటికీ అద్దాలు కదిలాయి, ఊళ్లో కరెంటు పోయింది, మేము జనరేటరు మీదికి మారాం. పొడంపేట నుంచి కబురు మర్నాడు ఉదయం గాని రాలేదు. అప్పటివరకూ నాకు తెలిసిందల్లా నేను మైకు ఇచ్చానన్నదే. ఫలితం తెలియదు. ఒక తెప్పను నీళ్లలోకి దించారట. ఎర్రమ్మ గొంతు మైకులో వినగానే దాన్ని వెనక్కి లాగారట. మిగిలినవి ఇసుక మీదే ఉన్నాయి. పక్క రేవు నుంచి మధ్యాహ్నమే వెళ్లిపోయిన ఒక పడవ వల పోగొట్టుకుని, ఇంజను నీళ్లు తాగి, ఉదయం ఎక్కడో ఒడ్డుకు చేరింది. అందులో ఇద్దరు. ఇద్దరూ బతికారు.

గాలి రాకపోయి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. అది నేను మరచిపోలేదు.

పట్నాయక్ మాస్టారు మంగళవారం కేంద్రానికి వచ్చారు. ఆయన భార్య రెండేళ్లుగా మంచం మీద ఉన్నారు. సభకు రాలేరు కాబట్టి రేడియో పక్కన పెట్టి వచ్చారట. ఆవిడకు వినిపించింది ఎవరో కేకలు పెట్టడం, తర్వాత భర్త వాయించిన పాట. ఆయన గెలిచిన సంగతి పాట చివర నా గొంతులో విన్నారు. "చప్పట్లు వినలేదంది" అన్నారు ఆయన, ఒడియాలో. గొంతు పెంచలేదు. అధ్యక్షుడు పేరు చదవడం సభాభవనంలో విడిగా రికార్డయిందని, అది మా దగ్గర ఉందని, మర్నాడు ఉదయం వివరణతో సహా ప్రసారం చేస్తామని చెప్పాను. చేశాం కూడా. ప్రత్యక్షంగా వినడం వేరని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. క్షమించానని ఆయన అనలేదు. అనమని నేను అడగలేదు.

ఎర్రమ్మ మాత్రం ఆ రోజు తన ఆల్బం గెలవలేదన్న సంగతి కారెక్కాక టీచరమ్మ చెబితే తెలుసుకుందట.

సంగీత సంఘం ఫిర్యాదు రాసింది. నాకు మెమో వచ్చింది, అంటే లిఖితపూర్వకంగా సంజాయిషీ అడిగారు. అర పేజీలో జవాబిచ్చాను. డైరెక్టరు గారు ఫైలు మీద రెండు ముక్కలు రాశారు: హెచ్చరిక కోసం కార్యక్రమం ఆపడం డ్యూటీ ఆఫీసరు పరిధిలోనిదే, అనుమతి లేని వ్యక్తికి మైకు ఇవ్వడం నియమ విరుద్ధం, ఇకముందు జాగ్రత్త. రెండూ సరైనవే. తనకు ఫోనులో ఏం చెప్పబోయానో ఆయన నన్ను విడిగా అడిగి తెలుసుకున్నారు.  తర్వాత, హెచ్చరికలు చదివే పద్ధతి మీద ఒక ప్రతిపాదన రాసి ఇమ్మన్నారు.

ఆ ప్రతిపాదన ఆమోదం పొందడానికి నేను మూడుసార్లు రాయవలసి వచ్చింది. అధికార పాఠాన్ని మార్చకూడదు, అది సరే. దానికంటే ముందు రెండు వాక్యాలు వాడుక మాటలో చదవడానికి ఒప్పుకున్నారు. ఆ రెండు వాక్యాల క్రమం నేను ఎర్రమ్మ దగ్గర నేర్చుకున్నది: ముందు పేరు పెట్టి పిలవడం, అంటే ఊళ్ల పేర్లు, పొడంపేట, సోనేపూర్, మిగిలినవి, తర్వాత చెయ్యవలసిన పని, కారణం ఆఖరున. నా ఉద్యోగపు ఇరవై తొమ్మిదేళ్లూ మేము కారణంతో మొదలుపెట్టాం. మా కారణం పూర్తయ్యేసరికి తెప్ప నీళ్లలో ఉండేది.