తోడేలు దొర గొంతు నాదే

ఆ రోజుల్లో, ప్రేమ అనేది పోట్లాటతోనే మొదలవుతుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఈ సిద్ధాంతం నా సొంతం కాదు, నేను చేసిన ఉద్యోగం నేర్పింది. ఇప్పుడు మా అమ్మాయి చెవుల్లో తీగలు పెట్టుకుని, మనిషి పిల్లను ఎత్తుకెళ్ళిన రక్తపిశాచి కథలు వింటూ అన్నం తింటుంది. ఆ కథల్లో పిల్ల ముప్ఫై తొమ్మిది భాగాలు పిశాచిని తిట్టి, నలభయ్యో భాగంలో దాని భుజం మీద వాలిపోతుంది. నేను ఏమీ అనను. అనే హక్కు నాకు లేదు. ఫోన్లకు ఇంకా బటన్లున్న కాలంలో, ఒక నంబరు నొక్కితే రోజుకో భాగం కథ వినిపించే వ్యాపారం ఒకటి నడిచింది. అందులో ‘తోడేలు దొర’ అనే సీరియల్లో, పగలు మనిషిగానూ పౌర్ణమికి తోడేలుగానూ మారే మూడు వందల ఏళ్ళ దొరను నేనే. (అప్పటికి నా వయసు ఇరవై మూడు. బరువు, తడి బట్టలతో తూచినా, నలభై ఎనిమిది కిలోలు.)

మా స్టూడియో నాచారంలో, ఫ్యాక్టరీల వెనక సందులో, మూడో అంతస్తు మీద ఒంటి గది. గోడల నిండా పాత పరుపులు మేకులతో కొట్టారు, పరుపులు చాలని చోట కోడిగుడ్ల అట్టలు అంటించారు. బయటి చప్పుడు లోపలికి రాకూడదని ఈ ఏర్పాటు. చప్పుడు వస్తూనే ఉండేది, లోపలి ఉడుకు మాత్రం బయటికి పోయేది కాదు. మైకు ఆన్ అయితే ఫ్యాను ఆఫ్. మే నెలలో ఒక్క భాగం రికార్డు చేస్తే మనిషి రెండు కిలోలు తగ్గేవాడు. ఆ లెక్కన నేను జూన్ నాటికి మాయమైపోయి ఉండాలి. స్టూడియో యజమానిని మేమంతా మామ అనేవాళ్ళం. ఎవరికీ మామ కాదు కనుక అందరికీ మామ. కథ కూడా ఆయనే రాసేవాడు, ఉప్పల్ నుంచి షేర్ ఆటోలో వస్తూ, తొడ మీద నోట్‌బుక్ పెట్టుకుని. అందుకే రోడ్డు గుంతలు పడే వానాకాలంలో మా దొరకు కోపం ఎక్కువ. నాది రెండు పనుల ఉద్యోగం: దొర గొంతు ఇవ్వడం, ఆ తర్వాత కంప్యూటర్లో మాటల్ని కత్తిరించి అతికించడం. సంకెళ్ళ చప్పుడుకు తాళాల గుత్తి, అడవి గాలికి నా నోరు. నేను ఊళ వేస్తే మల్లాపూర్ దాకా కుక్కలు జవాబిచ్చేవి. కింది వాటాలో ముసలావిడ మూడుసార్లు దిష్టి తీయించుకుంది.

దొర ఎత్తుకొచ్చిన పల్లె పిల్లకు గొంతు ఇచ్చేది టీచరమ్మ. దగ్గర్లోని చిన్న బడిలో ఒకటో తరగతికి చెప్పేది, ఆదివారం చర్చిలో పాడేది. వాళ్ళది జనగామ వైపు ఊరు. బడి వదిలాక వచ్చి, ఒక్కసారి ఊపిరి పీల్చి, పేజీ మొత్తం చదివేసేది. నేను ఒక వాక్యానికి మూడు చోట్ల ఆగి, నాలుగో చోట దగ్గేవాణ్ణి. మొదటి రోజే నా భీకర సంభాషణ విని ఆమె చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది.

“ఏందన్నా, దొర బెదిరిస్తున్నడా, నల్లా వస్తలేదని మున్సిపాల్టీకి ఫోన్ చేస్తున్నడా?”

“దొర హుందాగా మాట్లాడుతున్నాడు” అన్నాను.

“దొరలను నువ్వు సూసినవా? మా తాత సూసిండు. మా ఊరి దొరకు తోక లేకుండె. గంతే ఫరక్.”

ఇలా రోజుకు సగటున పదిహేడు దెబ్బలు. (లెక్క పెట్టాను.) ఇంకొకడైతే ఉద్యోగం మానేసేవాడు. నేను మాత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఈల వేసుకుంటూ వెళ్ళేవాణ్ణి. తిడుతోందంటే కథ సరిగ్గా నడుస్తోందన్నమాట! ఆమె నన్ను ‘అన్నా’ అంటుందన్న చిన్న ఇబ్బంది ఉన్నా, కథలో పిల్ల కూడా దొరను మొదట్లో అంతకన్నా ఘోరమైన మాటలే అంది కదా. ఒకరోజు ఏమీ ఎరగనట్టు మామను అడిగాను, పిల్లకు దొర మీద మనసు ఎప్పుడవుతుందని. “నలభైల” అన్నాడు మామ. నేను ఇంటికి పోయి కొత్త చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.

నలభయ్యో భాగం కాగితాలు ఒక శనివారం వచ్చాయి. దొర పిల్లను చెంప మీద కొడతాడు. పిల్ల కింద పడి, అతని కాళ్ళు పట్టుకుని, ‘నువ్వు కొట్టినా సరే, నిన్ను వదిలి పోను’ అంటుంది. అక్కడ వీణ మోగాలి. టీచరమ్మ రెండుసార్లు చదివి, కాగితం మడిచి మైకు పక్కన పెట్టింది.

“ఈ మాట నేననను మామా.”

“ఎందుకనవ్ బిడ్డా? గీ మాట కోసమే గద జనం నలభై దినాల సంది చెవులు పెట్టుకొని కూసున్నది.”

“మా చెల్లె ఇంటది.” మా ఇద్దరి వైపూ కాకుండా గోడ మీది పరుపుకేసి చూస్తూ చెప్పింది. “జవహర్‌నగర్ల ఉంటది. మొగడు కొడ్తడు. ఈసారి చెయ్యి ఇరిగింది. సంటి పిల్లనెత్తుకొని నా ఇంటికొచ్చి పదకొండు దినాలాయె. పొద్దంత ఫోన్ చెవుకు పెట్టుకొని నా కథనే ఇంటది. ఇప్పుడిప్పుడే, ఇగ పోనక్కా, అంటున్నది. దాని చెవుల గీ మాట నేనే సెప్పాల్నా?”

మామ చెడ్డవాడు కాదు. గడ్డం గోక్కున్నాడు. “కథ కథే గద బిడ్డా. తోడేలు యాడన్న మనిషైతదా?”

“సరే, కథనే అనుకుందాం. దొరను దర్వాజ తీసి పక్కకు నిలవడమను. పిల్ల ఇంటికి పోతది. మనసైతే దానంతల అదే మల్ల వస్తది. గప్పుడు ఇష్టమంటే నేను సుత నమ్ముత.”

“దర్వాజ తీస్తే పోతది గద! మల్ల వందో భాగం దాంక కథ నేనేడికెళ్ళి తేవాలె?”

(దొర బలవంతుడు, పిల్ల బందీ, వాళ్ళ మధ్య పుట్టేది ప్రేమేనా అన్న ప్రశ్న మీద ఇంత సూటి చర్చ మహా మహా సభల్లో కూడా జరిగి ఉండదు. ఆ సభకు హాజరైన ఏకైక పండితుణ్ణి నేను. తాళాల గుత్తి తుడుచుకుంటూ కూర్చున్నాను.)

ఆమె సంచి తీసుకుని వెళ్ళిపోయింది. సోమవారానికి ఆ మాట రాకపోతే ఇంకో పిల్లను చూస్తానని మామ నాకు చెప్పాడు. ఇంకో పిల్ల వస్తే నా కథ ముప్ఫై తొమ్మిదో భాగంలోనే ఆగిపోతుంది! టీచరమ్మ ఉద్యోగం కాపాడాలి, నేనే కాపాడాలి, కాపాడానని తెలిసి ఆమె కళ్ళు చెమర్చాలి. ఇరవై మూడేళ్ళ బుర్ర ఇంత దూరం ఒక్క గంతులో వెళ్ళింది. ఆమె చెప్పిన చెల్లెలు మాత్రం ఆ బుర్రలోకి ఎక్కడా రాలేదు.

ఆదివారం, ఆమె చర్చిలో పాడుతున్న వేళకు, నేను స్టూడియోలో పాత భాగాలు తెరిచి కూర్చున్నాను. ‘నువ్వు’ తొమ్మిదో భాగంలో దొరికింది, జలుబు గొంతుతో. ‘ఎవరు తలుపు కొట్టినా సరే, తీయకు’ అని ఇరవై రెండో భాగంలో ఒక దాసీకి చెబుతుంది, అందులోంచి రెండు ముక్కలు కోశాను. ‘నిన్ను కాకులు పొడవ!’ అని నాలుగో భాగంలో నన్నే తిట్టింది, అందులోంచి కాకుల్ని తీసేశాను. మిగిలిన ‘వదిలి పోను’ ముప్ఫై ఒకటో భాగంలో ఉంది. దొర ఆమెను ఒంటరిగా పారిపొమ్మంటాడు, కోటలోనే బందీగా ఉన్న చెల్లెల్ని మాత్రం ఇవ్వనంటాడు. ‘మా చెల్లెను వదిలి పోను’ అంటుంది పిల్ల. ఆ మాట అన్నాక టీచరమ్మ మైకు దగ్గర్నించి మొహం తిప్పేసుకుంది, నటన అదిరిందని మామ చప్పట్లు కొట్టాడు. ఆ ముక్కల్ని మూడు గంటలు కూర్చుని అతికాను. అతుకులు కనబడకుండా వాటి మీద అడవి గాలి ఊదాను, తాళాలు ఊపాను. చివరకు ఒక ఆడపిల్ల తను ఎన్నడూ అనని మాటను ఏడుస్తూ అంది. నా పనితనానికి నాకే ఒళ్ళు పులకరించింది.

సోమవారం ఆ భాగం వెళ్ళింది. మామ నన్ను వాటేసుకుని “అల్లుడా, నీ చేతులల్ల మంత్రముంది” అన్నాడు. మంగళవారం టీచరమ్మ రాలేదు, బుధవారం రాలేదు. గురువారం నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బేకరీలో దిల్‌పసంద్ కట్టించుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని పిల్లల నోట్‌బుక్కులు దిద్దుతోంది. తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను. తిట్టలేదు. అప్పుడు మొదటిసారి భయమేసింది.

“చెల్లె పోయింది” అంది.

“ఎప్పుడు?”

“మంగళారం. వాడు స్కూటరేసుకొని వచ్చిండు, మంచిగ మాట్లాడిండు. మంచిగ మాట్లాడుడు వానికి మస్తు వస్తది. నేను పోవద్దన్న. అది నా దిక్కు సూసి, అక్కా నువ్వే అన్నవ్ గద, అన్నది. నేననలేదే అని సెప్పిన. నీ గొంతు నాకెర్కలేదా, సిన్నప్పటి సంది ఇంటున్న, అన్నది.” ఎర్ర పెన్ను మూత పెట్టింది. “నా గొంతు నాది కాదని ఎట్ల నమ్మియ్యాలన్నా?”

నేను దిల్‌పసంద్ పొట్లం కింద పెట్టాను. ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

“వదిలి పోనన్న మాట నేను ఎవల్ని తల్సుకొని అన్ననో ఎర్కేనా నీకు?”

“తెలియదు” అన్నాను. (తెలుసు. కత్తిరించేటప్పుడే తెలుసు. అందుకే అంత బాగా పనికొచ్చింది.)

ఆ సాయంత్రమే, చెల్లెలికి రుజువు చూపించడానికి ఆ ముక్కలన్నీ విడివిడిగా ఫోన్లోకి ఎక్కించుకుని, మరునాడు మా నాన్న స్కూటర్ మీద ఆమెను ఎక్కించుకుని జవహర్‌నగర్ బయల్దేరాను. టీచరమ్మ నా బండి ఎక్కిన మొదటిసారీ, చివరిసారీ అదే. ఇద్దరి మధ్యా నలభై నోట్‌బుక్కుల సంచి. దారిలో ఒక్క తిట్టు లేదు. జవహర్‌నగర్ చెత్తకుప్పల వాసన దగ్గరపడేకొద్దీ నేనే నన్ను మనసులో తిట్టుకుంటూ ఆ లోటు భర్తీ చేశాను.

చెల్లెలు రేకుల గది ముందు కూర్చుని, ఒక చేతికి పిండికట్టుతో, రెండో చేత్తో పాపకు బువ్వ పెడుతోంది. భర్త పనికి పోయాడు. నేను ముక్కలు ఒక్కొక్కటే వినిపించాను. ఆ అమ్మాయి చాలా శ్రద్ధగా వింది. కాకుల తిట్టుకు పడి పడి నవ్వింది.

“గట్లనా! నువ్వేనా అన్నా దొర? ఇంత బక్కగున్నవ్!” అంది. తర్వాత నవ్వు ఆపి, “అక్క అనలేదు, సమజైంది. గని ఒక్కటి సెప్పు. ఆఖర్ల దొర మారుతడా?”

మామ వందో భాగానికి అప్పుడే ప్లాను వేసి పెట్టాడు. దొర వెక్కి వెక్కి ఏడుస్తాడు, తోక రాలిపోతుంది, పూర్తి మనిషైపోతాడు. ఆ అమ్మాయి నా మొహంలోకి చూస్తోంది. టీచరమ్మ నేలకేసి చూస్తోంది.

“కథలో మారతాడమ్మా” అన్నాను. “మామ రాస్తాడు, నేను తాళాలు ఊపుతాను, మారిపోతాడు. బయట అలా మారినవాణ్ణి నేను చూడలేదు.”

“పా, పోదాం” అంది టీచరమ్మ.

“యాడికక్కా? నీది ఒక్క అర్ర. నేనున్న పద్నాలుగు దినాలు నువ్వు గడపల పండుకున్నవ్.” పాప మూతి తుడిచింది. “మొన్న వాడు మస్తు ఏడ్చిండు. సూస్త. ఇంగొక్కసారి సూస్త.” అని, అన్న మొదటిసారి ఇంటికొచ్చాడని ఒంటి చేత్తో చాయ్ పెట్టింది. తాగాం. అంత తీపి చాయ్ నేను మళ్ళీ తాగలేదు, తాగాలనీ లేదు.

మరునాడే దొర వేషం వదిలేస్తున్నానని మామకు చెప్పాను. నేను లేకపోతే సీరియల్ కూలిపోతుందని నా అంచనా. మామ కిందికి వెళ్ళి రెండు నిమిషాల్లో ఇంకొకణ్ణి పట్టుకొచ్చాడు. వాడు నాకన్నా బాగా ఊళ వేశాడు. టీచరమ్మ మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. వందో భాగంలో దొర తోక రాలినప్పుడు జనం కంటతడి పెట్టుకున్నారని విన్నాను.

రెండేళ్ళ కిందట ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర, మెట్రో మెట్ల కింద, బస్సు కోసం నిలబడ్డ టీచరమ్మ కనిపించింది. జుట్టు నెరిసింది. పక్కన కాలేజీ సంచితో పొడుగాటి అమ్మాయి. “మా చెల్లె బిడ్డ” అని, ఆ పిల్లతో, “గీ అన్న ఒకప్పుడు తోడేలు దొర” అంది. ఆ పిల్ల నా బట్టతలనీ, బెల్టు పైనుంచి కిందికి తొంగి చూస్తున్న పొట్టనీ చూసి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

“చెల్లెలు?” అన్నాను.

“ఆడనే ఉంది. నేను సుత ఆ ఏడే ఆడికి పోయిన. బడి ఇడిసిపెట్టిన. గోడ పక్క అర్ర దొరికింది. వాడు గొంతు లేపిండనుకో, నేను ఇవతలికెళ్ళి దగ్గుత. ఆగుతడు.”

“దగ్గితే ఆగుతాడా?”

“దగ్గనీకి దమ్ముండాలె గదన్నా” అని నవ్వింది. “చర్చిల పాడినదాన్ని.”

ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనని మాట అప్పుడు అన్నాను. తప్పు చేశాను, క్షమించు, అన్నాను. మూడు చోట్ల ఆగి అన్నాను. ఆమె నా వైపు చాలా మామూలుగా చూసింది.

“అప్పుడు నీకు ఇరవై మూడేళ్ళు గదన్నా” అంది. బస్సు వచ్చింది. ముందు పిల్లను ఎక్కించి, కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగింది. “మా చెల్లెకు ఇరవై రెండు.”

బస్సు కిటికీలోంచి ఆ పిల్ల ఇంకా నన్నే చూస్తూ నవ్వుతోంది. ఈ మనిషిలో దొర ఎక్కడున్నాడా అని వెతుకుతోంది కాబోలు. పాపం, ఏమైనా దొరుకుతుందేమోనని నేను కూడా పొట్ట లోపలికి పీల్చి, ఛాతీ ముందుకు పెట్టి, బస్సు మలుపు తిరిగేదాకా అలాగే నవ్వుతూ నిలబడ్డాను.