నోరు చూపించని ఓబులేసు

మా చిన్నాయన ఓబులేసు తర్లుపాడు చుట్టుపక్కల పేరున్న గొర్రెలకాపరి. దర్శి సంతలో మావాళ్లెవరు గొర్రెను కొనాలన్నా ఆయన్ను వెంటబెట్టుకుని పోయేవాళ్లు. దవడ పట్టి, నోరు తెరిచి, పళ్లు చూసి వయసు చెప్పేవాడు. నోట్లో చిన్న పుండు కనిపించినా పక్కకు తోసేసేవాడు. గొర్రె నోరు అంతగా తెలిసినవాడు తన నోరు మాత్రం పట్టించుకోలేదు. ఈ మాట కోపంతోనే అంటున్నాను.

ఆయన ఎడమ దవడలో ఎప్పుడూ పొగాకు ఉండేది. ఆకు తుంచి, సున్నం రాసి, అరచేతిలో నలిపి పెట్టుకునేవాడు. పొద్దస్తమానం మంద వెంట తిరిగేవాడికి ఆకలి తెలియకుండా అదే ఆసరా. పడుకున్నప్పుడు కూడా తీసేవాడు కాదు. మా ఇళ్లల్లో ఆడా మగా అందరికీ అదే అలవాటు. నాకు నేర్పింది కూడా ఆయనే.

1934 ఎండాకాలంలో, కారం తగిలితే దవడ మండుతోందన్నాడు. మా చిన్నమ్మ చెంచులక్ష్మి వాకిట్లో కూర్చోబెట్టి చూసింది. లోపల తెల్లటి మచ్చ. గోటితో గీకినా పోలేదు. ఊరికే ఉంటే నొప్పి లేదు కదా, మందెందుకని ఆయన లేచిపోయాడు.

ఆ నెలలోనే మిషన్ ఆసుపత్రి నర్సు ఎలీషబా కాన్పు పనిమీద మా ఊరొచ్చింది. చిన్నమ్మ సంగతి చెప్పి ఆమెను ఇంటికి తీసుకొచ్చింది.

"నోరొకసారి తెరువన్నా. వేలితో తాకి చూస్తే మచ్చ గట్టిపడిందో లేదో తెలుస్తాది."

ఎలీషబా మాలపల్లెలో పుట్టి చదువుకున్న మనిషి. చిన్నాయన ఆమె ముఖం కూడా చూడలేదు. "నీ వేలు నా నోట్లో పెట్టించుకుంటే రేపు నన్ను కులంలో ఎవురు కూర్చోనిస్తారు?"

"పోనీ, తాకనులే. ఎండకు తిరిగి నువ్వే తెరువు. ఈడ్నించే చూస్తా."

"నేనేమన్నా గొర్రెనా?"

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. "అయితే నా మాటైనా ఇను. పొగాకు, సున్నం మానెయ్. మానితే మచ్చ పోయినా పోవచ్చు. పోయినా పోకపోయినా మూణ్ణెల్లకోసారి ఎవురికైనా చూపించుకో. పుండు పడి మూడు వారాలకు మానకపోతే మాత్రం ఆగొద్దు, ఆసుపత్రికి రా. మొదట్లోనే కోసి తీస్తే బతికినోళ్లను నేను చూసినా."

వానలకు పుండు పడింది. మూడు వారాలు కాదు, రెండు నెలలు పోయినా మానలేదు. ఆసుపత్రికి పోదామని చిన్నమ్మ ఏడ్చింది. మాకు తెలిసిన వైద్యం ఒకటే. గొర్రెకు వాపొస్తే కొడవలి కాల్చి వాత పెడతాం. మా కులపెద్ద మాలకొండయ్య చిన్నాయనకూ అదే చేశాడు. పుండు లోపల, వాత బయట. తగ్గకపోతే రెండోసారి పెట్టాడు. అప్పుడు తల కదలకుండా పట్టుకున్నది నేను.

చలికాలానికి మెడ కింద గడ్డ లేచింది, చెంపకు చిల్లు పడింది, నోరు వేలెడంత కూడా తెరుచుకోలేదు. అప్పుడు ఆసుపత్రికి బండి కట్టాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మా ఇంటికి కొత్త కాదు. పుండు పడ్డప్పుడే తెచ్చి ఉంటే కోయించడానికి మద్రాసు పంపేవాణ్ణని, ఇప్పుడిక లాభం లేదని డాక్టరు చెప్పాడు.

మిగిలిన రెండు నెలలూ పుండు కడిగి గుడ్డ మార్చడానికి ఎలీషబాయే వచ్చింది. చిన్నాయన వద్దనలేదు. కులం పేరు చెప్పి ఆయన ఎవరికి భయపడ్డాడో వాళ్లలో ఒక్కరూ ఆ వాసనకు మా గడప తొక్కలేదు.

ఆయన పోయాక పెద్దదినం నాడు మాత్రం అందరూ వచ్చారు. పోయినవాడికి ఇష్టమైనవి సమాధి దగ్గర పెట్టాలి కాబట్టి, అన్నంతో పాటు పొగాకు కాడలు, సున్నపుకాయ పెట్టారు.

"అది తినే గదా పోయినాడు," అన్నాను.

"ఇష్టమైంది పెట్టకపోతే ఆత్మ ఊరుకోదురా," అన్నాడు మాలకొండయ్య.

తర్వాత ఆ కాడల్ని అందరికీ పంచారు. నా వంతు నేనూ దవడకు పెట్టుకున్నాను. ఎలీషబాకు నోరు చూపించుకోవాలని ఆరోజే గట్టిగా అనుకున్నాను. మావాళ్ల కంట పడకుండా పోవాలని వీలు కోసం చూస్తున్నాను. చూస్తూ ఉండగానే రెండేళ్లయింది.